భుజం మీది శవం ఏ ఊరిది?

భోకర్ లాంటి ఊళ్లో చందమామకు రెండు పేర్లు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అది చందమామ. వాడే బడికెళ్లి మరాఠీ అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చాక అదే పత్రిక చాందోబా. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన తెలుగు పిల్లల పత్రికకు 1952లో మరాఠీ తోబుట్టువు పుట్టింది. బొమ్మలు ఒకటే, కథలు ఒకటే, లిపి మాత్రం వేరు. ఏ పేరుతో తెరిచినా లోపల ఒక రాజు ఎదురయ్యేవాడు. చేతిలో కత్తి, భుజం మీద తెల్లని శవం, చుట్టూ పుర్రెలు, వెనక వంకర కొమ్మల చెట్టు. తెలుగు పిల్లలు ఆయన్ని విక్రమార్కుడనేవారు, మరాఠీ పిల్లలు విక్రమ్ అనేవారు. శవంలో దూరి కథలు చెప్పేవాడు ఇక్కడ బేతాళుడు, అక్కడ వేతాళ్.

ఈ రెండు భాషల కాపురం నిన్న మొన్నటిది కాదు. నాందేడ్ జిల్లాలో తాలూకా కేంద్రమైన భోకర్ 1948 దాకా నిజాం రాజ్యంలో ఉంది. కోర్టు కాగితం ఉర్దూ, అంగడి బేరం మరాఠీ, కొన్ని వాడల్లో తెలుగు, తండాల్లో లంబాడీ. 1956లో రాష్ట్రాలను భాషను బట్టి విడగొట్టినప్పుడు గీత ఈ చుట్టుపక్కలే పడింది. అప్పటిదాకా నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. దెగ్లూర్ తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు కూడా అటే పోయాయి. అటు ఆదిలాబాదు జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు ఇటు వచ్చాయి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే బాసర ముధోల్ తాలూకాలోదే కాబట్టి సరస్వతీ అమ్మవారు గీతకు ఒకవైపు, భోకర్ రెండోవైపు మిగిలారు. 1960 మే 1 నుంచి భోకర్ మహారాష్ట్ర. గీత ఇటు మిగిలిన తెలుగు ఇళ్ల పిల్లలకు బడి భాష మరాఠీ అయింది. కథలు మాత్రం గీత దాటి నెలనెలా వస్తూనే ఉన్నాయి.

చందమామలో బేతాళ కథ ఒక కొలత ప్రకారం నడిచేది. రాజు చెట్టు దగ్గరికి తిరిగి వెళ్తాడు, శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు, మౌనంగా శ్మశానం వైపు నడుస్తాడు. బేతాళుడు ఒక కథ చెప్పి చివర్లో చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు. రాజు నోరు విప్పి తీర్పు చెప్తాడు. మౌనం చెడిందని శవం ఎగిరి మళ్లీ చెట్టెక్కుతుంది. మళ్లీ నెల అదే చెట్టు, అదే రాజు. సంస్కృతంలోని పాతిక కథలు ఎన్ని నెలలకు సరిపోతాయి? అవి అయిపోయాక కొత్త కథలు రాయించి ఆ చట్రంలోనే బిగించారు. పత్రిక బరువు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ప్రధానంగా కొడవటిగంటి కుటుంబరావు భుజాల మీద ఉంది. దయ్యాలను నమ్మని మనిషి, సైన్సు గురించి వ్యాసాలు రాసిన మనిషి, నెలకొకసారి శవం చేత మాట్లాడించాడు! ఆయన చేతిలో బేతాళుడు భయపెట్టే పని దాదాపు మానేసి తర్కం నేర్పే మాస్టారయ్యాడు. భయం పని అంతా బొమ్మ వేసిన శంకర్‌కు వదిలేశారు. 1924లో పుట్టి 2020లో తొంభై ఆరేళ్ల వయసులో పోయిన ఆ తమిళ చిత్రకారుడు గీసిన శవం ఇప్పటికీ మూడు తరాల కళ్లలో వేలాడుతూనే ఉంది.

ఆ పిల్లవాడే నలభై దాటాక, తలకు కాస్త తెలుపు వచ్చాక, అసలు పుస్తకం తెరుస్తాడనుకుందాం. అసలు అంటే కాశ్మీరంలో సోమదేవుడు పదకొండో శతాబ్దంలో, అనంతుడనే రాజు భార్య సూర్యమతికి కాలక్షేపంగా రాసిన కథాసరిత్సాగరం. ఇరవై వేల పైచిలుకు శ్లోకాలు, 18 లంబకాలు, 124 తరంగాలు. తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రి వచనం ఉంది. ఇంగ్లీషులో టానీ అనువాదానికి పెంజర్ వ్యాఖ్యలు చేర్చి 1920లలో వేసిన పది సంపుటాలున్నాయి. బేతాళుడు పన్నెండో లంబకంలో, డెబ్బై అయిదో తరంగంలో వస్తాడు. ఆ తరంగంలో కథ మొదలయ్యేచోటే భోకర్ పాఠకుడికి చెయ్యి ఆగుతుంది. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం అనే చోట ఈ రాజు ఉండేవాడని సోమదేవుడు చెప్తాడు. రాజు పేరు త్రివిక్రమసేనుడు, విక్రమసేనుడి కొడుకు. ఉజ్జయిని ఊసు లేదు.

ప్రతిష్ఠానం అంటే ఇవాళ్టి పైఠణ్, మరాఠ్వాడాలోనే. శాతవాహనుల రాజధాని. ఏకనాథుడి ఊరు, పట్టుచీరల ఊరు, జాయక్‌వాడీ ఆనకట్ట ఊరు. అక్కడ దాటిన గోదారే దిగువకు వచ్చి నాందేడ్ రేవుల్ని తాకుతుంది, ధర్మాబాద్ మీదుగా బాసర చేరుతుంది. భోకర్ నుంచి నాందేడ్ సుమారు యాభై కిలోమీటర్లు. చిన్నప్పుడు ఎక్కడో ఉజ్జయినిలో, ఏనాటిదో తెలియని అడవిలో ఊహించుకున్న శ్మశానం నిజానికి తమ నదికి ఎగువన ఉందన్నమాట. చాందోబా చదివిన పిల్లవాడి చేతిలో ఎంత పొడుగు దారి తిరిగొచ్చిన కథ ఉందో చూడండి. గోదారి ఒడ్డు రాజు కథ కాశ్మీరంలో సంస్కృత శ్లోకమైంది. అక్కణ్నుంచి ఏయే చేతులో మారి మద్రాసులో తెలుగు వచనమైంది. తెలుగు నుంచి మరాఠీలోకి దిగి మళ్లీ గోదారి ఒడ్డుకే చేరింది. ఇంటికొచ్చేసరికి ఒళ్లు కడిగి, తల దువ్వి, ఉతికిన బట్టలు వేసి పంపారు, అంతే.

ఉతకకముందు ఎలా ఉండేదన్నదే పెద్దయ్యాక చదివేవాడికి దొరికే రుచి.

క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకొచ్చి రాజుకొక పండు ఇచ్చిపోతుంటాడు. పదేళ్లు గడుస్తాయి. ఒకనాడు ఆ పండు కోతి చేతిలో పడి పగిలితే లోపల రత్నం! ఇన్నేళ్లూ కొట్లో పారేసిన పండ్లన్నీ వెతికిస్తే కుళ్లిన గుజ్జు మధ్య రత్నాల కుప్ప. ఇంతకీ ఏం కావాలని అడిగితే, వచ్చే బహుళ చతుర్దశి రాత్రి శ్మశానానికి ఒంటరిగా రమ్మంటాడు. రాజు వెళ్తాడు. దక్షిణంగా పోతే శింశుపవృక్షం ఉంది, దానికి వేలాడే శవాన్ని తెమ్మంటాడు భిక్షువు. సుందరకాండలో సీత కూర్చున్నదీ, హనుమంతుడు ఆకుల్లో దాక్కున్నదీ ఇదే జాతి చెట్టు నీడన. రాజు తాడు కోయగానే శవం కిందపడి దెబ్బ తగిలినట్టు ఏడుస్తుంది. పాపం, ప్రాణం ఉందేమోనని రాజు దిగివచ్చి ఒళ్లు నిమురుతాడు. అప్పుడది పగలబడి నవ్వుతుంది. శవం మీద జాలిపడ్డ ఆ క్షణం ముందు పిల్లల కథల్లోని పుర్రెలన్నీ వెలవెలపోతాయి.

కథలు కూడా అంతే. మందారవతి కథలో ముగ్గురు బ్రాహ్మణ యువకులు ఒకే పిల్లను కోరతారు, ఆమె జ్వరంతో చచ్చిపోతుంది. ఒకడు ఆమె బూడిద మీదే పడుకుంటాడు, ఒకడు ఎముకలు గంగలో కలపడానికి పోతాడు, మూడోవాడు దేశాలు పట్టి తిరుగుతాడు. ఆ మూడోవాడు ఒకరింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, పసివాడు ఏడుపు మానకపోతే ఆ ఇల్లాలు కోపంతో వాణ్ని మంటల్లోకి విసిరేస్తుంది. అతిథి విస్తరి ముందునుంచి లేస్తాడు. ఇంటాయన తాపీగా పుస్తకం తెచ్చి మంత్రం చదివి, ధూళి చల్లి బిడ్డను బతికిస్తాడు. ఆ పుస్తకం దొంగిలించే వీడు మందారవతిని లేపుతాడు. ఇక ఆమె ఎవరి భార్య? రాజు తీర్పు చిత్రంగా ఉంటుంది. ప్రాణం పోసినవాడు తండ్రి లెక్క, ఎముకలు మోసినవాడు కొడుకు లెక్క, బూడిద మీద పడుకున్నవాడే మొగుడు. చిన్నప్పుడు ఇది తెలివైన జవాబు. నలభై ఏళ్లకు మాత్రం, కన్నవాళ్లనీ కట్టుకున్నవాళ్లనీ ఒకరిద్దరిని సాగనంపినవాడికి, బూడిద మీద పడుకోవడం అనేది జవాబులా వినిపించదు.

ఇంకో కథలో మదనసుందరి మొగుడు అమ్మవారి గుళ్లో తన తల తనే నరుక్కుంటాడు. వెనకే వెళ్లిన ఆమె అన్న కూడా అదే పని చేస్తాడు. అమ్మవారు కరుణించి తలలు అతికించుకొమ్మంటే ఆమె తత్తరపాటులో ఇటుది అటు పెడుతుంది. జర్మన్ రచయిత థామస్ మన్ 1940లో దీన్ని నవలికగా తిరగరాశాడు. కన్నడంలో గిరీశ్ కర్నాడ్ 1971లో హయవదన నాటకం చేశాడు. ఇద్దరి చేతుల్లోనూ రెండోవాడు మొగుడి స్నేహితుడు. సోమదేవుడి దగ్గర తోడబుట్టినవాడు. రెండు ఆధునిక రచనలూ లోతైనవే, సందేహం లేదు. అయినా తొమ్మిది వందల ఏళ్ల నాటి కథకుడే ఎక్కువ తెగించాడని ఒప్పుకోక తప్పదు.

ఇంగ్లీషులో పద్ధతి వేరు. అక్కడ ముందు పిల్లల పుస్తకం వస్తుంది, తర్వాత ఎవరో దానికి నలుపు పూస్తారు. ఫ్రాంక్ బామ్ 1900లో ఓజ్ మాంత్రికుడి కథ రాస్తే, గ్రెగరీ మగ్వైర్ 1995లో అందులోని దుష్ట మంత్రగత్తె వైపు నుంచి వికెడ్ అనే నవల రాశాడు. చిన్నప్పటి పసుపుపచ్చ ఇటుకల బాట మీద పెద్దవాళ్ల రాజకీయం, హింస నడిచొచ్చాయి. బేతాళుడి విషయంలో నడక వెనకనుంచి ముందుకు. నలుపే పాతది, తెలుపు కొత్తది. కాబట్టి ఇక్కడ పెద్దయ్యాక చదవడమంటే పూసిన సున్నం గోకి చూడటమే. సున్నం వేసింది చందమామ ఒక్కటే కూడా కాదు. 1805లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ తెల్లదొరలకు హిందుస్తానీ నేర్పడానికి బైతాల్ పచీసీ అచ్చు వేసింది. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళుణ్ని రక్తపిశాచమని పేరు పెట్టి లండన్ పాఠకులకు అమ్మాడు, డ్రాక్యులా రావడానికి ఇరవై ఏడేళ్ల ముందు. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌లో చూపించాడు. మరో రెండేళ్లకు రాముడైన అరుణ్ గోవిలే అందులో విక్రముడు. ఎవరి అవసరం వారిది. మంగోలియాలో కూడా మాట్లాడే శవం కథలు చెప్తుంది. కొంకణంలోనూ గోవాలోనూ వేతాళుడు ఊరి దేవుడు, ఆయనకు గుళ్లున్నాయి.

గోకుతూ పోతే అడుగున ఇంకా చిక్కటి కథ ఒకటుంది. సోమదేవుడు తన పుస్తకం సొంతమని చెప్పుకోలేదు, గుణాఢ్యుడి బృహత్కథకు సంగ్రహమన్నాడు. ఆ గుణాఢ్యుడి కథ కూడా ప్రతిష్ఠానంలోనే జరుగుతుంది. శాతవాహన రాజు రాణులతో జలక్రీడ ఆడుతుంటాడు. నీళ్లు చల్లొద్దని ఒక రాణి సంస్కృతంలో అంటే, సంధి తెలియని రాజు మోదకాలు అడిగిందనుకుని లడ్డూలు తెప్పిస్తాడు. రాణి నవ్వుతుంది. సిగ్గుతో మంచం పట్టిన రాజుకు ఆరేళ్లలో వ్యాకరణం నేర్పుతానంటాడు మంత్రి గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలంటాడు శర్వవర్మ. అది జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పంతం పడతాడు. శర్వవర్మ గెలుస్తాడు. నోట మాట లేకుండా అడవి పట్టిపోయిన గుణాఢ్యుడు అక్కడ ఒక పిశాచం నోట పైశాచీ భాషలో మహాకథ వింటాడు. సిరా లేక తన నెత్తురుతో ఏడేళ్లు రాస్తాడు, ఏడు లక్షల శ్లోకాలు.

ఆ పుస్తకాన్ని కొలువుకు పంపితే రాజు తిప్పికొడతాడు. పిశాచాల భాష, నెత్తుటి రాత, తీసేయమంటాడు. గుణాఢ్యుడు కొండ మీద అగ్నిగుండం చేసి, ఒక్కో ఆకూ చదివి మంటలో వేస్తుంటాడు. లేళ్లూ దున్నలూ పందులూ మేత మాని చుట్టూ నిలబడి కన్నీళ్లతో వింటాయి. ఊళ్లో రాజుకు జబ్బు చేస్తుంది. వైద్యులు ఎండిపోయిన మాంసమే కారణమంటారు, వంటవాళ్లు వేటగాళ్లను అంటారు, వేటగాళ్లు వచ్చి కొండ మీది సంగతి చెప్తారు. రాజు పరుగెత్తి వెళ్లేసరికి ఆరు లక్షలు కాలిపోయాయి. మిగిలిన లక్ష శ్లోకాలే లోకానికి దక్కిన బృహత్కథ. ఇప్పుడు ఆ లక్షా లేవు. సోమదేవుడూ, క్షేమేంద్రుడూ, బుధస్వామీ సంస్కృతంలో చేసిన సంగ్రహాలే ఉన్నాయి.

ఇది చరిత్ర అని ఎవరూ అనరు. కానీ రాజభాష కాని భాషలో రాసిన పుస్తకం కొలువు గడప దాటదన్న సంగతి మాత్రం సరిహద్దు ఊళ్లవాళ్లకు కొత్త కాదు. ఉర్దూ జమానాలో మరాఠీకీ తెలుగుకీ అదే గతి పట్టింది. గీత పడ్డాక ఇవతలి తెలుగుకూ అవతలి మరాఠీకీ అదే గతి. శాతవాహనుల నాడు ఈ గీత లేదు. హాలుడు కూర్చిన గాథాసప్తశతి ప్రాకృతంలో అత్త, పొట్ట లాంటి మాటలు కనిపిస్తాయని తెలుగు పండితులు మురిసిపోతుంటారు. పైఠణ్‌లో దొరికినట్టే దిగువన కోటిలింగాలలోనూ ఆ రాజుల నాణేలు దొరికాయి. బేతాళుడు మరాఠీవాడా తెలుగువాడా అని తేల్చబోయేవాడు శాతవాహనుల సంగతి ముందు తేల్చాలి.

మాయల మరాఠీ మాటేమిటని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. తెలుగు పిల్లల్ని బేతాళుడికంటే ఎక్కువ భయపెట్టింది బాలనాగమ్మ కథలో ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన ఆ మాంత్రికుడే. 1942లో జెమినీ వాసన్ తీసిన సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. తెలుగు కథల్లో మంత్రగాడు ఎప్పుడూ పక్క దేశంవాడే, మరాఠీ కాకుంటే మలయాళీ, అదీ కాకుంటే నేపాళీ. కోస్తాలో బుర్రకథ వినేవాళ్లకు మరాఠీ అంటే ఎక్కడో సప్తసముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్నవాడు. భోకర్ తెలుగింటి పిల్లవాడికి మరాఠీ అంటే పక్కింటి కాకా, లెక్కల మాస్టారు, ముద్ఖేడ్ బండికి టికెట్టిచ్చే గుమాస్తా. ఈ ఊళ్లో ఆ కథ చెప్పే అవ్వకు భయం పుట్టించడం అంత తేలిక కాదు.

నేపాళీ మంత్రగాడి దగ్గర మాత్రం బేతాళ కథకు ఒక దారం దొరుకుతుంది. చందమామ బేతాళ కథల్లో రాజు శవాన్ని గమ్యం చేర్చడమనేది ఉండదు కదా, చేరిస్తే కథలు ఆగిపోతాయి. కానీ గమ్యంలో ఏం జరుగుతుందో ఆ పత్రిక యజమానులకు బాగా తెలుసు. అదే నాగిరెడ్డి-చక్రపాణి విజయా సంస్థ 1951లో పాతాళభైరవి తీసింది. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచన, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లోంచి తెచ్చిన బీజం. ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ని సకల శుభలక్షణాలున్న బలిపశువుగా ఎంచుకుని గుహలోకి తెస్తాడు. సమయానికి గుట్టు తెలుసుకున్న రాముడు మాంత్రికుణ్నే బలి ఇచ్చేస్తాడు. కథాసరిత్సాగరం తొంభై తొమ్మిదో తరంగంలో జరిగేది కూడా ఇదే.

అక్కడికి రాజు చేరడానికి కారణం ఒక కథకు జవాబు దొరకకపోవడం. తండ్రీ కొడుకులు అడవిలో రెండు జతల ఆడవాళ్ల అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలామె తండ్రికి, చిన్న పాదాలామె కొడుక్కి అని ముందే పంచుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి. మాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని చేసుకుంటారు. వాళ్లకు పిల్లలు పుడితే ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడి ప్రశ్న. తెలుగులో వరసలు కలుపుకోవడం తెలిసినవాళ్లు కూడా కాసేపు వేళ్లు మడిచి వదిలేసే లెక్క అది. రాజు నిజంగానే మౌనంగా నడుస్తాడు. అప్పుడు బేతాళుడు మెచ్చి గుట్టు విప్పుతాడు: ఆ భిక్షువు నిన్నే బలివ్వబోతున్నాడు, సాష్టాంగ పడమంటాడు, నేను రాజును, నాకు తెలియదు, ముందు నువ్వు చూపించు అను.

మర్రిచెట్టు కింద ఎముకల పొడితో వేసిన ముగ్గు, నాలుగు దిక్కులా నెత్తురు నింపిన కుండలు, మనిషి కొవ్వుతో వెలిగే దీపాలు. భిక్షువు పడుకుని చూపిస్తాడు, రాజు తల నరుకుతాడు. ఏ పిల్లల పత్రికా ఈ పుట అచ్చు వేయలేదని తప్పుపట్టనక్కర్లేదు.

అంతా అయ్యాక బేతాళుడు వరం కోరుకోమంటాడు. రాజ్యం అడగవలసిన చోట రాజు వింత కోరిక కోరతాడు. ఈ ఇరవై నాలుగు కథలూ, వాటి చివర ఈ ఇరవై అయిదోదీ లోకంలో పేరు పొందాలి. సరే అంటూ బేతాళుడు తనవైపు నుంచి ఇంకొకటి కలుపుతాడు. ఈ కథలు ఎక్కడ చెప్పుకుంటారో అక్కడ యక్షులూ రాక్షసులూ బేతాళులూ అడుగు పెట్టలేరు. చెట్టు దగ్గర మొదలై చెట్టు దగ్గరికే తిరిగే నెలవారీ కథలో ఆ మాటకు చోటు లేకపోయింది. దాంతో తెలుగులో చదివినవాళ్లూ మరాఠీలో చదివినవాళ్లూ దుప్పటి కప్పుకుని బేతాళ కథ పూర్తిచేసి, ఆ తర్వాత దొడ్లోకి వెళ్లాలంటే అమ్మను లేపి తోడు రమ్మన్నారు.